డ్రమ్ము దగ్గర తకరారు

నవంబరు మూడో ఆదివారం, ఉదయం తొమ్మిది గంటల ఇరవై నిమిషాలకు, సిరుగుప్ప దగ్గర ఏటి ఒడ్డున విజిల్ ఊదారు. నా చేతిలో స్టాప్‌వాచీ ఉంది. నీళ్లలో ఆరు పుట్టీలు ఉన్నాయి. ఐదింటిలో మగవాళ్లు, ఒకదానిలో ఒక ఆడమనిషి.

పుట్టిని చూడనివారి కోసం చెబుతాను. వెదురు దబ్బలతో పెద్ద గంపలా అల్లి, అడుగున ప్లాస్టిక్ పట్టా కట్టి, తారు పూస్తారు. మా దగ్గర కన్నడం మాట్లాడేవాళ్లు దాన్నే హరిగోలు అంటారు. గుండ్రంగా ఉంటుంది కనుక దానికి ముందూ వెనకా ఉండవు. ఎటు పోవాలనుకుంటే ఆ వైపు అంచున మోకాళ్ల మీద కూర్చుని, తెడ్డుతో నీళ్లను తమ మీదికి లాక్కుంటూ పోవాలి. చేతికి వాటం కుదరకపోతే అది ముందుకు పోదు, ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది.

పందెం దారి ఇది. ఒడ్డున బయలుదేరి ఏటి నడుమ దాకా పోవాలి. అక్కడ ఒక నీలం ప్లాస్టిక్ డ్రమ్ము, అడుగున రాయి కట్టి వదిలినది, తేలుతూ ఉంటుంది. దాన్ని చుట్టి, దిగువన ఇదే ఒడ్డున నాటిన రెండు వెదురు గడల మధ్యకు వచ్చి చేరాలి.

గెలిచినవారికి కప్పు, శాలువా ప్రతి ఏడూ ఉంటాయి. ఈసారి వాటికి ఇంకొకటి కలిసింది. వానాకాలం నాలుగు నెలలూ, దేశనూరు వైపు లోతట్టు పొలాల్లో నీళ్లకు చిక్కినవాళ్లను గట్టు చేర్చడానికి ఒక వరద పుట్టిని సిద్ధంగా పెట్టాలని పందెం జరిపే సంఘం వాళ్లు తీర్మానించారు. దాన్ని నడిపే పని మొదట వచ్చినవారికే ఇస్తామని చాటించారు. ఆ ఆడమనిషి పందానికి దిగింది ఆ పని కోసమే. కప్పు సంగతి అడిగితే, "అది పెట్టుకునేదానికి మా ఇంట్లో అటక గూడా లేదు టీచరమ్మా" అంది.

ఆమెకు ముప్పై రెండేళ్లు. పుట్టింది ఈ రేవులోనే. పెళ్లయి ఎగువ రేవుకు పోయి, తొమ్మిదేళ్లు అక్కడ యాత్రికులను పుట్టిలో తిప్పింది. తల్లికి చూపు తగ్గడంతో మొగుణ్ణి కూడా వెంటపెట్టుకుని తిరిగి వచ్చింది. ఇక్కడి రేవులో ఆడవాళ్ల చేతికి ఎవరూ పుట్టి ఇవ్వరు. అందుకని వరి కలుపులకు కూలికి పోతోంది. మా సిరిగేరి దగ్గరి మడుల్లో కూడా వంగి కలుపు తీసింది. నేను ఆమెను మొదట చూసింది అక్కడే. మా నాన్న గోదావరి వైపు నుంచి వచ్చి కాలువ కింద కొన్న మడులు అవి. నేను ఏటి మనిషిని కాను, మడి మనిషిని. నాకు ఈత కూడా రాదు.

అలాంటిదాన్ని న్యాయనిర్ణేతగా ఎందుకు కూర్చోబెట్టారంటే, నాకు ఈత రాదు కనుకే. ముందటి ఏడు పందెం డ్రమ్ము దగ్గర కొట్లాటలో ముగిసింది. ఎవరు ఎవరిని గుద్దారో తేలలేదు, తీర్పు చెప్పవలసిన ముగ్గురూ పోటీదారులకు మామలో చిన్నాన్నలో అయ్యారు. ఈసారి ఏ పుట్టివాడికీ చుట్టం కానివాళ్లు కావాలన్నారు. నేను ముప్పై నాలుగేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పాను. ఆ పోటీదారుల్లో నలుగురికి చెప్పాను, నలుగురికీ తప్పు కొట్టాను. ఆ అర్హత చాలన్నారు.

రెండో ఆయన నావికాదళంలో పనిచేసి వచ్చి, ఊళ్లో ఇల్లు కట్టుకున్న పెద్దమనిషి. తెరచాప పడవల పందేలకు నిర్ణేతగా కూర్చున్న అనుభవం ఉంది. మూడో ఆయన ఈ రేవులో అందరికంటే పెద్ద పుట్టివాడు. తెడ్డు వదిలి పదేళ్లయింది. అందరూ తాతా అంటారు. ఆయనకు పిల్లలు లేరు కనుక పక్షపాతం ఉండదని ఒప్పుకున్నారు.

నియమాలు నావీ ఆయన తెచ్చినవి. సముద్రం మీది పందేల్లో కొట్టుకోరట. ఒకరు నియమం తప్పితే రెండోవారు అప్పటికప్పుడే గట్టిగా చెప్పి, ఎర్రగుడ్డ ఎత్తాలి. పందెం ఆగదు. అయిపోయాక ఇద్దరినీ కూర్చోబెట్టి విచారిస్తారు. ఒకరినొకరు ప్రశ్నలు అడగవచ్చు, సాక్షులను పిలవవచ్చు. ఆ కేకకు మేము "తకరారు" అనే మాట పెట్టాం. ఆఫీసుల్లోనూ సంతలోనూ అభ్యంతరానికి అందరి నోటా నలిగిన మాట.

తప్పు చేసినవాడు తనంతట తాను శిక్ష తీసుకునే ఏర్పాటు కూడా ఉంది. మలుపు చూపే గుర్తుకు, అంటే ఇక్కడ డ్రమ్ముకు, పడవ తగిలిస్తే, తగిలించినవాడు ఒక పూర్తి చుట్టు తిరిగి ముందుకు పోవాలి. తెరచాప పడవకు చుట్టు తిరగడమంటే గాలి పోగొట్టుకోవడం, కాలం పోగొట్టుకోవడం. నావీ ఆయన ఇది వివరించాక నేను తాతను అడిగాను.

"పెద్దప్పా, పుట్టికి ఈ శిక్ష సరిపోతుందా?"

"చాలా పెద్దది టీచరమ్మా" అన్నాడు ఆయన. "ఊరు ఊరంతా చూస్తాంటే పుట్టి గిర్రుమని తిరిగిందంటే వాని మొగం యాడ పెట్టుకోవాల? పుట్టి తిరిగితే చేతగానోడని లెక్క. మా కాలంలో అట్ల తిరిగినోనికి పిల్లనిచ్చేదానికి గూడా ఆలోచన జేస్తాండ్రి. ఎవుడూ తగిలించడు, చూడు."

ఆ మాట నాకు సబబుగా తోచింది. నావీ ఆయనకూ తోచింది. ముగ్గురం సంతకాలు పెట్టాం. పందెం రోజు ఉదయం నియమాలను తెలుగులో నేనూ కన్నడంలో ఆయనా మైకులో చదివాం.

తొమ్మిదీ ఇరవైకి బయలుదేరిన ఆరు పుట్టీల్లో మొదట పోతున్నది రెండేళ్ల కిందటి విజేత. ఇరవై ఆరేళ్ల కుర్రాడు, భుజాలు దూలాల్లా ఉంటాయి. ఆమెకు వరసకు మరిది. ఆమె అతని వెనకే ఉంది. కుర్రాడు డ్రమ్మును దూరంగా, జాగ్రత్తగా చుట్టుతున్నాడు. డ్రమ్ము దాటాక దిశ మార్చుకోవాలి కనుక అక్కడ పుట్టి దాదాపు నిలిచిపోతుంది. మళ్లీ పది పన్నెండు తెడ్లు వేస్తే కాని ఊపు రాదు.

ఆమె దూరంగా చుట్టలేదు. నేరుగా పోయి డ్రమ్ముకు పుట్టి అంచు ఆనించింది. ఆనించి, తెడ్డు ఒక్కసారి అడ్డం వేసి తిరిగింది. నేను చూసింది చూసినట్టు రాస్తున్నాను. పుట్టి డ్రమ్మును ఒరుసుకుంటూ బండిచక్రంలా దొర్లింది. పూర్తి చుట్టు అయ్యేసరికి డ్రమ్ముకు అవతలి పక్కన ఉంది, ఆమె మొహం వెదురు గడల వైపు ఉంది, పుట్టికి ఊపు ఉంది. శిక్షా, మలుపూ ఒకే పనిలో అయిపోయాయి.

ఒడ్డు మీద జనం మొదట నవ్వారు. "అయ్యో, గిరగిరా తిరిగె! తిరగలి పెట్టినట్టుండాది" అని ఎవరో అరిచారు. ఆమె కుర్రాణ్ణి దాటి పోయాక నవ్వు ఆగింది.

"తకరారు! తకరారప్పో!" కుర్రాడు మోకాళ్ల మీద లేచి ఎర్రగుడ్డ ఊపాడు. లేచినందుకు ఇంకా వెనకబడ్డాడు. ఆమె ఆరు సెకన్ల ముందు గడల మధ్యకు వచ్చింది.

విచారణ షామియానా కింద జరిగింది. మేం ముగ్గురం బెంచీ మీద, వాళ్లిద్దరూ ఎదురుగా తడిబట్టలతో. చుట్టూ ఊరు.

"చెప్పప్పా" అన్నాను.

"ఏం చెప్పాల టీచరమ్మా? అందరూ చూసిరి కదా. డ్రమ్మును గుద్దె."

"గుద్దినందుకు తిరిగితి కదా" అంది ఆమె.

"తిరిగితివా? వదినా, నువ్వు తిరగలేదు, డ్రమ్మును వాటేసుకుంటివి! యాత్రికుల సరదాకు పుట్టిని గిరగిరా తిప్పి తిప్పి అలవాటైండాది నీకు."

"నీకు రాకుంటే నేర్పిస్తాలేప్పా. ఫీజు గూడా అడగను."

జనం గొల్లుమన్నారు. నావీ ఆయన బల్ల మీద తట్టాడు. ఆయన మొహం ఎర్రగా ఉంది. ఆమెను అడిగాడు: "అమ్మా, సూటిగా చెప్పు. పొరపాటున తగిలిందా, తెలిసి తగిలించావా?"

పొరపాటు అని ఉంటే ఆ మాటను కాదనే సాక్ష్యం ఎవరి దగ్గరా లేదు. విచారణ అక్కడితో అయిపోయేది. ఆమె తల తుడుచుకుంది.

"తెలిసే తగిలించినా సారూ. పొద్దున మైకులో మీరు చదివిరి, తగిలితే ఒక చుట్టు తిరిగి పోవాలని. విన్నప్పుడే అనుకుంటి, ఇది నాకు శిక్ష కాదు, చుట్టేదానికి అడ్డదారి అని. నాకు తిరిగేదాంట్లో నామోషీ ల్యా. తొమ్మిదేండ్లు అదే తిని బతికితి."

తాత తలకాయ వంచుకున్నాడు. ముసిముసిగా నవ్వుతున్నాడని నాకు పక్కనుంచి కనిపించింది.

ఇద్దరినీ బయటికి పంపి మేం ముగ్గురం మాట్లాడుకున్నాం. నావీ ఆయన ఆమెను పోటీ నుంచి తీసేయాలన్నాడు. సముద్రం మీది నియమాల్లో ఈ సంగతి ఉందట. శిక్ష తీసుకున్నా సరే, ఆ తప్పు వల్ల పడవకు పెద్ద లాభం కలిగితే అది పందెం నుంచి తప్పుకోవాలి.

"మరి అది మనం చదవలేదే?" అన్నాను.

"పొడుగవుతుందని వదిలేశాను. ఇక్కడ అవసరం పడదనుకున్నాను."

తాత గెలుపు ఆమెదే అన్నాడు. "చదివింది చదివినట్టు చేసె. నామోషీతో చస్తారని మనం అనుకుంటిమి. ఆ యమ్మకు నామోషీ లేకుంటే ఆమె తప్పేంది?"

ఇక మిగిలింది నేను. వాచీలోని అంకెలు ముందు పెట్టుకున్నాను. డ్రమ్ము దగ్గర మిగతా ఐదుగురికీ పట్టిన కాలం పదిహేడు సెకన్లకు తగ్గలేదు. ఆమెకు ఎనిమిది. అంటే కనీసం తొమ్మిది సెకన్ల లాభం. గెలిచింది ఆరింటితో. ఆ లాభం తీసేస్తే కుర్రాడు మూడు సెకన్ల ముందుంటాడు. కాని అతను ఎర్రగుడ్డ ఊపడానికి లేచి ఎంత పోగొట్టుకున్నాడో లెక్క కట్టే దారి లేదు. దారిలేని లెక్కకు జవాబు వేయడం నాకు చేతకాదు.

ఆమెకు ఆ పని రావాలని నాకు ఉంది. దాచను. కలుపు మడిలో ఆమె నడుము మీద చెయ్యి వేసుకుని ఏటి వైపు చూడటం నేను చూశాను. ఆ కోరికను ఒక పక్కన పెట్టి మళ్లీ చూశాను. చదవని నియమంతో ఆమెను తీసేయడం తప్పు. చెడిన నియమంతో కుర్రాణ్ణి ఓడించడమూ తప్పే. నా ఉద్యోగంలో ప్రశ్నే తప్పుగా అచ్చయితే ఏం చేసేదాన్నో అదే చెప్పాను. అందరికీ మార్కులు కలపడం కాదు, అందరికీ సున్నా వేయడమూ కాదు. ప్రశ్న దిద్ది మళ్లీ పెట్టడం.

"మొదటి ఇద్దరూ మళ్లీ పోవాలి. నియమం మార్చి" అన్నాను.

మార్పు తాత చెప్పాడు. డ్రమ్ముకు తగిలినవారు ఎగువకు వెనక్కి పోయి, డ్రమ్మును మొదటినుంచి మళ్లీ చుట్టాలి. ప్రవాహానికి ఎదురు పోవడం ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు. నావీ ఆయన మీసం దువ్వుకుని ఒప్పుకున్నాడు. "ఆ పొడుగు వాక్యం కూడా చేర్చండి. ఈసారి వదలను" అన్నాడు. చేర్చాను.

తీర్పు మైకులో చదివాక ఆమె నా దగ్గరికి వచ్చింది. ఆమె గొంతు మామూలుగానే ఉంది, అందుకే నాకు ఎక్కువ కష్టం వేసింది.

"గెల్చినదాన్ని మళ్లా ఎందుకు దింపుతాండారు టీచరమ్మా? నేను అబద్ధం చెప్పింటే ఈపాటికి ఇంట్లో ఉంటాంటి కదా."

"నిజం చెప్పావు కనుకే ఈ గెలుపు నీకు ఇవ్వలేకపోతున్నాను. అబద్ధం చెప్పి ఉంటే తప్పు గెలుపు నీ చేతిలో ఉండేది, నాకు తెలిసేది కాదు."

"నాకు గెలుపు గాదమ్మా కావాల్సింది. పని."

మళ్లీ ఓడిపోతే, మరుసటి వానాకాలం ఆమె కలుపు మడిలోనే ఉంటుంది, అందుకు కారణం నా తీర్పే అవుతుంది. ఆ సంగతి నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. రెండు గంటలు విశ్రాంతి ఇచ్చాం. ఆమె చెట్టునీడన మజ్జిగ తాగి, తల్లి ఒళ్లో చేతులు పెట్టి పిసికించుకుంది. తల్లికి ఎదుటి మనిషి కనపడడు కాని, కూతురి ముంజేతుల్లో ఎక్కడ పట్టిందో వేళ్లకు తెలుసు. కుర్రాడు రెండు జొన్నరొట్టెలు తిని, స్నేహితులతో నవ్వుతూ కూర్చున్నాడు. అప్పుడప్పుడు డ్రమ్ము వైపు చూస్తున్నాడు.

ఒంటిగంటకు మళ్లీ విజిల్. ఈసారి నావీ ఆయన మోటారు పడవలో డ్రమ్ము దగ్గరికి పోయి నిలిచాడు. కుర్రాడు మొదటినుంచీ ముందున్నాడు. ఒక పుట్టి నిడివి, తరువాత దాదాపు రెండు.

ఆధిక్యం ఎక్కువ ఉంది కనుక అతను దూరంగా చుట్టి ఉండవచ్చు. కాని తీర్పు చదివినప్పుడు ఆమెకు అక్కడ ఎనిమిది సెకన్లే పట్టాయని విన్నాడు కదా, డ్రమ్మును బాగా దగ్గరగా చుట్టబోయాడు. గాలి కొంచెం తోసింది. పుట్టి అంచు డ్రమ్మును రాసుకుందో లేదో ఒడ్డు నుంచి మాకు తెలియలేదు. మోటారు పడవ అవతలి పక్కన ఉంది, కుర్రాడి వీపు అడ్డం. నావీ ఆయనకూ కనపడలేదు.

"తకరారు!" ఆమె గొంతు ఏరంతా వినిపించింది.

షామియానా కింద అందరూ లేచారు. మళ్లీ విచారణ, మళ్లీ సాక్షులు, ఆమె మాటకు అతని మాట తప్పవనుకున్నాను. అప్పుడు కుర్రాడు తెడ్డు ఆపాడు. వెనక్కి తిరిగి ఆమె వైపు చూశాడు.

"అరవద్దులే వదినా! నాకూ తెలిసె!" అని కేకవేసి, పళ్లు కొరుక్కుంటూ ప్రవాహానికి ఎదురు తిరిగాడు.

ఆమె ఆగలేదు. డ్రమ్మును దూరంగా, ఎక్కడా తగలకుండా, తెడ్డు మీద తెడ్డు వేస్తూ చుట్టింది. ఒక్కసారి కూడా పుట్టి తిరగలేదు. కుర్రాడు ఎగువకు పోయి మళ్లీ చుట్టి, వెర్రిగా తెడ్డు వేస్తూ వచ్చాడు. గడల దగ్గర తేడా పదకొండు సెకన్లు. ఆమె గట్టెక్కి ముందు తల్లి దగ్గరికి పోయింది, తరువాత మా బెంచీ దగ్గరికి వచ్చింది. తడిచేత్తో నా చెయ్యి పట్టుకుని వాచీలో అంకెలు తనే చూసుకుంది.

కుర్రాణ్ణి నేను అడిగాను, "నువ్వు తగల్లేదంటే కాదనేవాళ్లు లేరు కదప్పా. ఎందుకు వెనక్కి పోయావు?"

"పొద్దున వదిన తగిలించెనని అంత అరిస్తి కదా టీచరమ్మా. ఆ బొంగురు ఇంకా తగ్గలే" అన్నాడు. తరువాత ఆమె వైపు తిరిగి, "ఆ తిరిగేది నేర్పిస్తానంటివే, ఎప్పుడు వదినా?" అన్నాడు.

"ముందు నేరుగా పోయేది నేర్చుకోప్పా" అంది ఆమె.

సంఘంలో ఇద్దరు ముగ్గురు ఆడమనిషికి వరద పని ఎట్లా అని గొణిగారు. నావీ ఆయన నియమాల కాగితం వాళ్ల ముందు పెట్టి, ఆడవాళ్లకు వేరే నియమం ఎక్కడుందో చూపించమన్నాడు. వాళ్లు చూపించలేదు. జూన్ ఒకటో తారీఖున ఆమె పనిలో చేరింది.

ఆ వానాకాలం ఎగువన వానలు పడి డ్యాము గేట్లు ఎత్తారు. ఆగస్టులో ఒక శుక్రవారం, ఉదయం పదకొండు గంటల వేళ, ఏరు పొంగి లోతట్టు మడుల వెనకగా తిరిగింది. అక్కడ నాట్లలో ఉన్న కూలీలు ఒక మెరక మీద చిక్కుకున్నారు. పదిహేడు మంది. వాళ్లలో పన్నెండు మంది ఆడవాళ్లు, అంతకు ముందటి ఏడు ఆమెతో కలిసి కలుపు తీసినవాళ్లే. నేను ఎత్తుగా ఉన్న గట్టు మీద నిలబడి చూశాను. ఆమె నాలుగుసార్లు పోయి వచ్చింది. మూడోసారి నుంచి ఇంకొక పుట్టి వెంట వచ్చింది. ఎవరూ పిలవకుండానే మరిది తన పుట్టి దించాడు. సాయంత్రం మూడుంబావుకు చివరి మనిషి గట్టెక్కింది.

మరునాడు నీళ్లు తీసిన తరువాత గట్టు వెంట తిరిగి, ఏరు పట్టుకుపోయినవాటి లెక్క రాసుకున్నాను.

నాటిన వరి, పదకొండు ఎకరాలు. పంపుసెట్లు రెండు. మేకలు మూడు. యూరియా బస్తాలు తొమ్మిది. కూలీల అన్నం క్యారియర్లు పద్నాలుగు. తెడ్డు ఒకటి. మనుషులు, ఎవరూ లేరు.